చార్లెస్ అను పేరు: మెదకు పాస్నెట్ దొరగారి జీవితము

ధ్యాన భాగములు: సామెతలు 22:1, గలతీయులకు 5:13, ప్రకటన 3:1



ఎల్లంతకుంట దగ్గరి ఒక పల్లెనుండి కొన్ని దినముల క్రిందట ఒక కుటుంబమువారు తమ పసిబిడ్డతో మా యొద్దకు వచ్చిరి. బిడ్డకు బాప్తిస్మము ఇప్పింపవలెనని వారి కోరిక. ఏమి పేరు వ్రాయవలెనని అడిగితిమి. ఇంటి పెద్దాయన వెంటనే చార్లెస్ అని చెప్పెను. అది ఆయన తండ్రిగారి పేరు. బిడ్డ తండ్రి మాత్రము తల వంచుకొని, ఆ పేరు వద్దనెను.

వద్దనుటకు అతనికి కారణములున్నవి. అది తెల్లదొరల పేరు, మన నోట సరిగా పలుకదు, బడిలో తోటి పిల్లలు నవ్వుదురు అని చెప్పెను. ఇంకొక కారణము చెప్పుటకు కొంచెము తడబడెను. మీ తాతలు కరువులో గింజలకు పేరు అమ్ముకొనిరని ఊరిలో తన్ను ఎత్తిపొడిచినవారున్నారట. ఆ మాట తన కొడుకు చెవిని పడరాదని అతని బాధ. పెద్దాయనకు కన్నీళ్లు వచ్చెను. మా నాయనను ఊరివారు పేరు చివర గాడు చేర్చి పిలిచిన దినములుండెను, ఈ పేరు వచ్చిన తరువాతనే ఆయన తల యెత్తి నడిచెను, అది మన ఇంట ఆరిపోవలెనా అని అడిగెను. తుదకు తండ్రికొడుకులిద్దరును మావైపు చూచి, అయ్యగారూ, అసలు ఆ పేరునకు అర్థమేమి అనిరి.

మేము జవాబు చెప్పలేకపోతిమి. సంఘపు పుస్తకములో ఆ పేరు ఎన్నిసార్లో వ్రాసితిమి. అబ్రాహాము అనగా ఏమి, సమూయేలు అనగా ఏమి అని ప్రసంగములలో వివరించితిమి. చార్లెస్ అనగా ఏమో ఎన్నడును విచారింపలేదు. సిగ్గుపడి, తెలిసికొని చెప్పెదమని వారిని పంపితిమి. తెలిసికొనినది ఆ ఇంటివారికే కాక మీకందరికిని ఉపయోగపడునని తలంచి ఇక్కడ వ్రాయుచున్నాము.

ఆ ఇంటి ముత్తాత ఈ పేరు పెట్టుకొనినది మెదకు మిషనరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారిని బట్టియే. కాబట్టి ఆయన జీవితమును చెప్పవలసియున్నది. అయితే ఆయన కంటె ఆ పేరు చాల పాతది. ముందు అది పుట్టిన చోటు చూచి, తరువాత మెదకునకు వత్తము.

పేరు పుట్టిన చోటు

ఐరోపా ఖండములో రైను అను పెద్ద నది కలదు. పూర్వము ఆ నది తీరములందు ఫ్రాంకులు అను జనులు నివసించిరి. రోమా సామ్రాజ్యము కూలిపోవుచున్న 5వ శతాబ్దములో వారు పడమటి సీమలను ఆక్రమించుకొనిరి. ఫ్రాన్సు దేశమునకు ఆ పేరు వారివలననే వచ్చినది. వారి భాష జర్మను భాషకు చుట్టము. ఆ భాషలలో కార్ల్ అను మాట ఉండెను. దానికి మనిషి, మగవాడు అని అర్థము. మరి ముఖ్యముగా, స్వతంత్రుడైన మనిషి అని అర్థము.

ఈ అర్థము మన పల్లెవారికి సులభముగా తెలియగలదు. ఆ కాలపు సమాజములో పైన దొరలుండిరి, అడుగున దాసులుండిరి. దాసుడు యజమానుని సొత్తు. అతని కష్టఫలము అతనిది కాదు, అతని బిడ్డలమీద కూడ యజమానునిదే అధికారము. ఈ ఇద్దరి నడుమ మూడవవాడొకడు ఉండెను. అతనికి కోటలు లేవు, బిరుదులు లేవు. తన పొలము తాను దున్నుకొనుచు, ఎవరి వాకిటను కట్టువడి యుండక, జనుల సభలో నిలువబడి మాటలాడు హక్కు గలిగి జీవించెను. అట్టివాడు కార్ల్. ఉత్తర దేశముల పాత కథలలో సేద్యగాండ్ర మూలపురుషునికి ఇదే పేరు కలదు.

ఇంగ్లీషువారి పూర్వభాషలో కూడ ఈ మాట కొంచెము మారిన రూపమున ఉండెను. మొదట అది స్వతంత్రుడైన రైతును తెలిపెను. కాలము గడచిన కొలది, పైవారి నోట పడి, మోటువాడు, మర్యాద తెలియనివాడు అను తిట్టుగా మారెను. ఒళ్లు వంచి పనిచేయువాని పేరును తిట్టుగా మార్చుట మన ఊళ్లలో మాత్రమే జరిగిన అన్యాయము కాదు.

ఈ పేరు ధరించినవారిలో మొదట ప్రసిద్ధికెక్కినవాడు 741లో చనిపోయిన చార్లెస్ మార్టెల్. మార్టెల్ అనగా సుత్తె. అతడు రాజు కాడు, రాజు పేరట పెత్తనము చేసిన అధికారి. తన తండ్రి పెద్దభార్యకు పుట్టినవాడు కాకపోవుటచేత, తండ్రి చనిపోగానే ఆమె ఇతనిని చెరలో ఉంచెను. అతడు తప్పించుకొని వచ్చి అధికారమును పట్టుకొనెను. అతని కుమారుడైన పిపిన్ 751లో రాజాయెను. పిపిన్ తన కుమారునికి, మనము పెట్టుకొనునట్లే, తాత పేరు పెట్టెను. ఆ మనుమడే చరిత్రలో మహా చార్లెస్ అనిపించుకొనిన చక్రవర్తి. ఫ్రెంచివారు అతనిని షార్లమేన్ అందురు. సామాన్య రైతును తెలుపు పేరు ఈ విధముగా సింహాసనమెక్కెను.

సింహాసనమెక్కిన తరువాత

మహా చార్లెస్ 768లో రాజై 814 వరకు ఏలెను. నేటి ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ దేశములలో ఎక్కువ భాగము అతని చేతిలో ఉండెను. బాగ్దాదు ఖలీఫాయైన హారూన్ అల్ రషీదు అతనికి ఒక ఏనుగును పంపగా, అది 802లో అతని పట్టణమునకు చేరెను. ఆ జనులకు అది గొప్ప వింత.

అతడు చేసిన మంచి పనులు గలవు. మఠములయొద్దను పెద్ద దేవాలయములయొద్దను బాలురకు చదువు చెప్పవలెనని 789లో ఆజ్ఞాపించెను. ఇంగ్లండునుండి అల్క్విన్ అను పండితుని పిలిపించి తన కొలువులో ఉంచుకొనెను. పుస్తకములను తేటగా వ్రాయు పద్ధతి అతని కాలమున వ్యాపించెను. నేడు మన పిల్లలు బడిలో నేర్చుకొను ఇంగ్లీషు చిన్న అక్షరములు ఆ వ్రాతనుండియే వచ్చినవి. తాను మాత్రము పెద్దవయస్సులో అక్షరములు దిద్దబూనెను. పలకలను తలగడ క్రింద ఉంచుకొని తీరిక దొరకినప్పుడు దిద్దెడివాడనియు, ఆలస్యముగా మొదలుపెట్టుటచేత అంతగా రాలేదనియు అతని జీవితమును వ్రాసిన ఐన్‌హార్డ్ తెలుపుచున్నాడు. ముసలితనమున బైబిలు చదువుకొనవలెనని అక్షరములు నేర్చుకొను మన తల్లులు ఈ చక్రవర్తిని తలంచుకొని ధైర్యపడవచ్చును.

చెప్పవలసిన చెడుగు కూడ కలదు. ఉత్తరమున శాక్సనులు అను జనులు పాత దేవతలను కొలుచుచుండిరి. వారితో అతడు 772 మొదలు 804 వరకు విడిచి విడిచి యుద్ధము చేసెను. 782లో వెర్డెన్ అను చోట 4,500 మంది బందీలను ఒక్క దినమున చంపించెనని ఆ కాలపు వృత్తాంతములలో ఉన్నది. బాప్తిస్మము వద్దని దాగినవానికి మరణశిక్ష అని శాసనము చేయించెను. స్వతంత్రుడు అను పేరు గలవాడు, ఇతరులను కత్తి చూపి నీళ్లలోనికి దింపించెను. అది క్రైస్తవ చరిత్రలో చెరగని మచ్చ.

ఇది తప్పని చెప్పినవాడు కూడ అతని కొలువులోనివాడే. నమ్మిక మనస్సునుండి పుట్టవలెను గాని బలవంతమున రాదనియు, క్రొత్తగా నమ్మినవారిమీద దశమభాగపు భారము మోపరాదనియు అల్క్విన్ 796 ప్రాంతమున రాజునకును రాజోద్యోగులకును లేఖలు వ్రాసెను. 797లో క్రొత్త శాసనము వచ్చి, పాత కాఠిన్యము కొంత తగ్గెను. చక్రవర్తి యెదుట సత్యము పలికిన ఆ ఉపాధ్యాయుని మనము గౌరవింపవలెను.

800వ సంవత్సరము డిసెంబరు 25న, క్రిస్మసునాడు, రోమాపట్టణపు పరిశుద్ధ పేతురు దేవాలయములో పోపు మూడవ లియో అతని తలమీద చక్రవర్తి కిరీటముంచెను. అతని కీర్తి ఎంత వ్యాపించెననగా, తూర్పు ఐరోపా భాషలలో అతని పేరే రాజు అను మాటగా నిలిచిపోయెను. పోలండువారు, రష్యావారు, హంగేరీవారు రాజు అనుటకు వాడు పాత మాటలు కార్ల్ అను పేరునుండియే వచ్చినవి. దొర కానివానిని తెలిపిన మాట దొరలకే దొర అను మాట అయినది. అట్లు పెరిగినప్పుడు దాని మొదటి అర్థమును జనులు మరచిపోయిరి.

లాటిను భాషలో ఈ పేరు కరోలుస్ అయ్యెను, ఫ్రెంచిలో చార్లెస్ అయ్యెను. మన సంఘములలో ఆడపిల్లలకు పెట్టు కరోలిన్, షార్లెట్ అను పేర్లు కూడ ఈ వేరునుండి మొలచినవే. ఇంగ్లండులో చాల కాలమువరకు ఈ పేరు అరుదు. 17వ శతాబ్దములో ఆ పేరుగల రాజులు ఏలిన తరువాత సామాన్యుల ఇండ్లలో వ్యాపించెను. వారిలో మొదటి చార్లెస్ 1649లో శిరచ్ఛేదము పొందినను పేరు మాత్రము నిలిచెను. తరువాతి శతాబ్దములో ఒక పాదిరిగారి ఇంట చార్లెస్ వెస్లీ పుట్టెను. ఆయన 1707 మొదలు 1788 వరకు జీవించి, తన అన్న జాన్ వెస్లీతో కూడి మెథడిస్టు ఉజ్జీవమును నడిపించి, వేలకొలది కీర్తనలు వ్రాసెను. గనుల కూలీలకును బీదలకును ఆ సోదరులు బహిరంగ స్థలములలో సువార్త చెప్పిరి. కిరీటముతో పైకెక్కిన పేరు మరల సామాన్యుల నడుమకు దిగివచ్చెను. వెస్లీ సోదరుల సంఘమునుండియే మెదకునకు పాస్నెట్ దొరగారు వచ్చిరి.

మెదకు పాస్నెట్ దొరగారు

చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1870లో జన్మించిరి. 1895లో వెస్లియను మెథడిస్టు మిషనరీగా సికిందరాబాదునకు చేరిరి. మొదట తిరుమలగిరి దండులో ఇంగ్లీషు సిపాయిల నడుమ సేవ చేసిరి. ఆ పని వారికి తృప్తినియ్యలేదు. తన భాష మాటలాడువారికి తన భాషలో బోధించుటకు ఇంత దూరము రానక్కరలేదు గదా. కావున పల్లెలవైపు తిరిగిరి. గుఱ్ఱమెక్కి మెదకునకు పోయి అక్కడి ముసాఫరు బంగళాలో దిగిరి. అప్పటికి ఆ ప్రాంతమున క్రైస్తవులు ఇన్నూరుకు మించరని చెప్పుదురు. ప్రార్థన చేసికొనుటకు వారికొక మట్టి ఇల్లు మాత్రముండెను.

నిజాం ప్రభుత్వ దినములలో మన పల్లెల స్థితి పెద్దలకు తెలియును. ఊరికి వెలుపల ఉంచబడిన వాడలలోనివారు దొరలకును అధికారులకును వెట్టిచాకిరి చేయవలసియుండెను. కబురు వచ్చినప్పుడు గంజి త్రాగుచున్నను విడిచి పోవలెను. మూటలు మోయవలెను, కూలి అడుగరాదు. అందరు నీళ్లు తోడు బావి వారికి లేదు, బడి లేదు. పేరు కూడ పూర్తిగా లేదు. తల్లి పెట్టిన పేరును సగము విరిచి, చివర గాడు అని చేర్చి, ముసలివానినైనను పసివాడు పిలుచుచుండెను. అట్టివాని యొద్దకు పోయి, దేవుడు నిన్ను పేరుపెట్టి పిలుచుచున్నాడని చెప్పిన దినమున వాని హృదయములో ఏమి జరిగియుండునో మనము ఊహింపవచ్చును. బాప్తిస్మమున వచ్చిన పేరును పాదిరిగారు విరువక పూర్తిగా పలికిరి. సంఘపు పుస్తకములో పూర్తిగా వ్రాసిరి. మన ముత్తాతలలో అనేకుల పేరు కాగితముమీద పూర్తిగా వ్రాయబడుట అదే మొదటిసారి.

పాస్నెట్ దొరగారు ఒక్కరే ఈ పని చేయలేదు. కరీంనగరములోను సిద్దిపేటలోను వారికి ముందే వెస్లియను మిషనువారు స్థిరపడియుండిరి. మన కరీంనగరు జిల్లాను అప్పుడు ఎలగందుల జిల్లా అనెడివారు. 1905లో ఆ పేరు మారినది. ఊరూర తిరిగి బోధించినవారు ఎక్కువగా తెలుగు సువార్తికులును వారి భార్యలును. మెదకులో అట్టివారికి శిక్షణ జరిగెను. కాలినడకను పోయి, వాడలో కూర్చుండి, కంజీర వాయించి పాడి, రాత్రి దీపము వెలుగున అక్షరములు నేర్పిన ఆ సువార్తికుల పేర్లు మనలో చాలమందికి తెలియవు. దొరగారి పేరు నిలిచినది. వారి పేర్లు జీవగ్రంథమందున్నవని నమ్ముచున్నాము.

కరువు, కూలి, దేవాలయము

1914లో మెదకులో పెద్ద దేవాలయపు పని ఆరంభమయ్యెను. అదే సంవత్సరమున ఐరోపాలో మహాయుద్ధము మొదలాయెను. వస్తువుల వెలలు పెరిగెను. మన దేశములో వర్షములు తప్పి క్షామము వచ్చెను. 1918లో విషజ్వరము దేశమంతటను వ్యాపించి లక్షలకొలది ప్రాణములను తీసెను. పల్లెలనుండి జనులు ఆకలితో మెదకునకు వచ్చిరి. వచ్చినవారికి ఊరక పంచిపెట్టుట కంటె పని చూపించి కూలి యిచ్చుట మేలని దొరగారు తలంచిరి. రాళ్లు కొట్టినవారికి, మట్టి మోసినవారికి, సున్నము కలిపినవారికి కూలి దొరకెను, కుటుంబములు బ్రతికెను.

పని పది సంవత్సరములు సాగెను. థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ అను ఇంగ్లీషు శిల్పి నమూనా గీసెను. దేవాలయము పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గంటల గోపురము 175 అడుగుల ఎత్తు లేచెను. ఐదు వేలమంది కూర్చుండుటకు చోటున్నది. రంగుల నేలపలకలు సముద్రముమీదుగా వచ్చెను, బూడిదరంగు రాయిని మన కూలీలు చెక్కి నిలిపిరి. ప్రభువు జననమును, సిలువ మరణమును, ఆరోహణమును చూపు మూడు రంగుల అద్దపు కిటికీలు తరువాతి కాలమున ఒకటొకటిగా అమర్చబడెను. వాటిని లండనులో ఫ్రాంక్ సాలిస్బరీ అను చిత్రకారుడు చేసెను. పగటి వెలుతురు పడినప్పుడే అవి కనబడును. సూర్యుడు క్రుంకిన తరువాత లోపల ఎన్ని దీపములు వెలిగించినను ఆ చిత్రములు తెలియవు.

1924 డిసెంబరు 25న, క్రిస్మసునాడు, ఆ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. రాళ్లు మోసినవారు తమ బిడ్డలతో లోపలికి వచ్చి కూర్చుండిరి. ఊరిలో ఏ గుడి గడప దాటుటకును అనుమతి లేనివారు, గంటల గోపురము క్రిందుగా ముందు వాకిటనుండి నడచివచ్చిరి. ఎల్లంతకుంట వైపువారు సిద్దిపేటమీదుగా మెదకునకు పోయి క్రిస్మసు ఆరాధన చూచివచ్చుట నేటికిని మానలేదు. 2024లో ఆ దేవాలయమునకు నూరేండ్లు నిండినవి.

పాస్నెట్ దొరగారు 1939లో మన దేశమును విడిచిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మెదకు ఒక అధ్యక్ష మండలమాయెను, ఆ దేవాలయము బిషప్పుగారి పీఠమాయెను. దొరగారు 1950లో ప్రభువునందు నిద్రించిరి. 1978లో మన కరీంనగరు అధ్యక్ష మండలము వేరుగా ఏర్పడెను. వారు నాటినది వారు లేనప్పుడు మన చేతులలో పెరుగుచున్నది.

రెండు క్రిస్మసు దినములు

800వ సంవత్సరపు క్రిస్మసును, 1924వ సంవత్సరపు క్రిస్మసును ప్రక్కప్రక్కన ఉంచి చూడుడి. రెండింటను చార్లెస్ అను పేరుగలవాడు దేవాలయములో నిలిచియున్నాడు. మొదటి దినమున పేరుగలవానికి కిరీటము దొరకెను. రెండవ దినమున దొరకినది మన పెద్దలకు. వారికి తమదని చెప్పుకొనదగిన ఒక వాకిలి దొరకెను. మొదటివాడు స్వతంత్రుడై ఇతరుల మనస్సును బంధింపజూచెను. రెండవవారు స్వతంత్రులై, దండులోని సుఖమైన పనిని తామే విడిచి, వెట్టివారి నడుమ నలువది యేండ్లకు మించి పనిచేసిరి. సిరిసిల్ల నేతగానికి ఇది చక్కగా తెలియును. నూలు ఒక్కటే. మగ్గముమీద ఏమి నేసినాడో దానిని బట్టియే బట్టకు వెల.

పౌలు గలతీయులకు వ్రాసినదానిలో ఇదే కలదు. మనము స్వతంత్రులముగా ఉండుటకు పిలువబడితిమి, అయితే ఆ స్వాతంత్ర్యమును మన శరీరేచ్ఛలకు వాడుకొనక ప్రేమతో ఒకరికొకరము దాసులము కావలెనని ఆయన బోధించెను. ఫిలేమోను ఇంటి దాసుడైన ఒనేసిమును గూర్చియు ఆలోచింపుడి. అతని పేరునకు ప్రయోజనకరుడు అని అర్థము. యజమానుడు లాభమును కోరి పెట్టిన పేరువలె అది యున్నది. పౌలు ఆ దాసుని తన కుమారుడని చెప్పి, ఇప్పుడు నీకును నాకును నిజముగా ప్రయోజనకరుడాయెనని వ్రాసి, దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకొనుమని వేడుకొనెను. పేరు మారలేదు, దాని విలువ మారెను.

ఇక గింజలకు పేరు అమ్ముకొనిరి అను నింద సంగతి. ఆకలిగొనినవారు మెదకునకు పోయిన మాట నిజమే. దానిని దాచిపెట్టనక్కరలేదు, సిగ్గుపడనక్కరలేదు. బిడ్డ ఆకలికి ఏడ్చుచుండగా పని దొరకు చోటికి పోని తండ్రి ఎవడు? వారు తెచ్చుకొనినది భిక్ష కాదు, తమ భుజములమీద రాళ్లు మోసి సంపాదించిన కూలి. గింజల కొరకే పేరు మార్చుకొనియుండినచో, వర్షములు పడి పంటలు పండిన సంవత్సరమున ఆ పేరును విడిచిపెట్టియుందురు. 1939లో దొరగారు పోయినప్పుడైనను విడిచిపెట్టియుందురు. వారు విడువలేదు. పాడి పంటలున్న దినములలోను, ఊరు వెలివేసిన దినములలోను పట్టుకొనియే యుండిరి. కరువు తీరిన తరువాత కూడ నిలిచినదానిని కరువు పుట్టించినదని చెప్పుట న్యాయము కాదు.

అయినను ఈ నిందలో మనలను మనము పరీక్షించుకొనవలసిన ఒక మాట కలదు. సార్దీస్ సంఘమునకు జీవించుచున్న పేరు ఉండెను గాని అది మృతమైయుండెనని ప్రకటన గ్రంథములో చదువుచున్నాము. స్వతంత్రుడు అను అర్థముగల పేరు పెట్టుకొని సారాకు దాసుడై యుండువానికి ఆ పేరేల? తన పొలములో పనిచేయు కూలివానిని గాడు అని పిలుచు క్రైస్తవునికి ముత్తాత అవమానము జ్ఞాపకము లేదా? ఇంటిలో భార్యను వెట్టిదానివలె చూచువాడు ఎవరి దొరతనమును నేర్చుకొనెను? మన పెద్దలు పాస్నెట్ పాదిరిగారిని కూడ దొరగారు అనియే పిలిచిరి, ఎందుకనగా గౌరవమునకు వారెరిగిన మాట అదొక్కటే. మనము ఈ వ్యాసములో అట్లే పిలిచితిమి. కాని ఆయన స్వంత పేరునకు అర్థము దొర కాదు. ఎవరికిని బానిస కాని, ఎవరిని బానిసగా చేసికొనని మనిషి అని దాని అర్థము. సంఘములో ప్రతివాడును అట్టి మనిషి కావలెనని ప్రభువు చిత్తము.

పై సంగతులన్నియు ఆ పల్లెకు పోయి ఆ ఇంటివారికి చెప్పితిమి. పెద్దాయన తన తండ్రి పేరునకు గల అర్థమును రెండు మూడు సార్లు అడిగి చెప్పించుకొనెను. బిడ్డ తండ్రి చాలసేపు మాటలాడలేదు. తరువాత, తన కొడుకును ఎవడైన ఎత్తిపొడిచినచో ఇప్పుడు చెప్పుటకు జవాబున్నదనెను. ఏ పేరు పెట్టుదువని మేమతనిని బలవంతపెట్టలేదు. చార్లెస్ అని పెట్టినను మంచిదే, తల్లి భాషలో ఒక మంచి పేరు పెట్టినను మంచిదే. బలవంతముగా పెట్టినచో ఆ పేరునకు గల అర్థమునే మేము చెరిపినవారమగుదుము. వచ్చు నెల మొదటి ఆదివారమున బాప్తిస్మము జరుగును. పుస్తకములో పేరు వ్రాయవలసిన చోటు ఖాళీగా ఉంచితిమి. ఆ బిడ్డ కొరకును, వాని తలిదండ్రుల కొరకును ప్రార్థింపుడి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో చదువవలసిన భాగములు: మొదటి వారము ఆదికాండము 17:1–8, రెండవ వారము యెషయా 43:1–7, మూడవ వారము ఫిలేమోను పత్రిక, నాలుగవ వారము యోహాను 8:31–36. చదివిన తరువాత ఇంటిలోని ప్రతివారి పేరునకు అర్థమేమో పిల్లలకు చెప్పుడి. తెలియనిచో పాదిరిగారిని అడుగుడి. వారికిని తెలియనిచో, మావలె వారును తెలిసికొని చెప్పుదురు.

ప్రభువు కృప మీకందరికిని తోడై యుండును గాక. ఆమేన్.